తీగ కొన ఎక్కడ ఆగింది? గుండె నాళాల పూడిక, దాన్ని తెరవడం నేర్పే నమూనాలు

గుండె నాళంలోని పూడికను తెరిచేటప్పుడు వైద్యుడి వేళ్ల మధ్య ఉండేది ఒక తీగ. మందం 0.36 మిల్లీమీటర్లు, పొడవు దాదాపు 190 సెంటీమీటర్లు. మణికట్టు దగ్గర పెట్టిన సన్నటి గొట్టంలోంచి అది చేయి పొడవునా పైకి పాకి, భుజం దాటి, బృహద్ధమనిలోకి దిగి, గుండెను అంటిపెట్టుకున్న ధమనిలోకి చేరుతుంది. బయట మిగిలిన భాగాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని, పాతకాలపు గడియారానికి కీ ఇచ్చినట్టు అటూ ఇటూ తిప్పుతూ కొద్దికొద్దిగా ముందుకు తోస్తారు. ఎదురుగా తెర ఉంటుంది గానీ అందులో నాళం కనిపించదు. రంగు మందు వదిలినప్పుడు రెండు మూడు క్షణాలపాటు నల్లటి నీడ మెరిసి కరిగిపోతుంది. ఆ నీడను గుర్తుపెట్టుకుని, తీగ కొన ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో వేళ్లతో పోల్చుకోవాలి. మెత్తగా ఆగితే ఏదో చిన్న కొమ్మలోకి దూరి ఉండొచ్చు. గట్టిగా తగిలితే సున్నం కట్టిన పూడిక కావచ్చు. ముందుకు పోతున్నా కొన తేలిగ్గా తిరగడం లేదంటే, గోడ పొరల మధ్యకు చొచ్చుకుపోయిందేమోనని అక్కడికక్కడే ఆగాలి.

ఈ తేడాలు వేళ్లకు తెలియాలంటే చేసి చూడటం ఒక్కటే దారి. మరి మొదటిసారి ఎక్కడ చేయాలి? చాలా ఏళ్లపాటు దీనికి ఒకే జవాబు ఉండేది: రోగి మీదే, అనుభవజ్ఞుడైన వైద్యుడి పక్కన నిలబడి. ఆ జవాబుతో సరిపెట్టుకోలేకే సిలికాన్ గుండెలు, త్రీడీ ప్రింటింగ్ నాళాలు, కంప్యూటర్ సిమ్యులేటర్లు వచ్చాయి. వాటిలో చాలావరకు నాళం ఆకారాన్ని అచ్చుగుద్దినట్టు చూపిస్తాయి, జబ్బును మాత్రం చూపించలేవు. ఈ లోటు ఎంత పెద్దదో తెలియాలంటే జబ్బు ఎక్కడ ఉంటుందో ముందు చూడాలి.

రక్తం ఎందుకు చాలదు

విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని ఒళ్లంతటికీ పంపుతుంది. అందులో తన కోసం ఉంచుకునేది దాదాపు ఇరవయ్యో వంతు, అంటే 250 మిల్లీలీటర్లు. బృహద్ధమని మొదట్లోనే కుడి, ఎడమ కరొనరీ ధమనులు పుడతాయి. ఎడమది కాస్త దూరం నడిచి రెండుగా చీలుతుంది: ఒకటి గుండె ముందు భాగం మీదుగా కిందికి దిగుతుంది, రెండోది పక్కగా చుట్టు తిరుగుతుంది. ఎడమ ప్రధాన నాళం వ్యాసం నాలుగైదు మిల్లీమీటర్లు, ముందుకు దిగే నాళం మొదట్లో మూడున్నర దాకా ఉంటుంది. పెన్సిల్‌లోని సీసం కంటే కాస్త లావు, అంతే.

మిగతా అవయవాలు తమకు అందిన రక్తంలోని ప్రాణవాయువులో సుమారు పావు వంతు తీసుకుని మిగిలింది వెనక్కి పంపేస్తాయి. గుండె కండరం అలా కాదు. ఊరికే కూర్చున్నప్పుడే 70 నుంచి 75 శాతం లాగేసుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు ఇంకా కావాలంటే రక్తంలోంచి అదనంగా పిండుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు, ప్రవాహమే పెరగాలి. ఆరోగ్యంగా ఉన్న నాళాల్లో అది నాలుగైదు రెట్ల దాకా పెరుగుతుంది. కంటికి ఆనని చిన్న నాళాలు విచ్చుకుని దారి ఇస్తాయి కాబట్టి అది సాధ్యమవుతుంది.

జబ్బు చాలాకాలం దాగి ఉండటానికీ ఆ చిన్న నాళాలే కారణం. పై నాళం సన్నబడితే కింది చిన్న నాళాలు ముందే విచ్చుకుని లోటును పూడ్చేస్తాయి. 1974లో లాన్స్ గౌల్డ్ బృందం కుక్కల గుండె నాళాలను కొద్దికొద్దిగా బిగిస్తూ ప్రవాహాన్ని కొలిచింది. విశ్రాంతిలో ఉండే ప్రవాహం, వ్యాసం 85 శాతం దాకా మూసుకుపోయినా పెద్దగా తగ్గలేదు. అవసరమైనప్పుడు పెరగగల గరిష్ఠ ప్రవాహం మాత్రం సగం మూసుకునేసరికే తగ్గుముఖం పట్టింది. కూర్చుంటే ఏమీ లేని మనిషికి పరుగెత్తితే ఛాతీ బిగుసుకుపోవడానికి మూలం ఈ రెండు గీతల మధ్య ఉన్న ఎడంలోనే ఉంది. పైగా ఒళ్లంతటికీ రక్తాన్ని తోసే గుండె గది, ఎడమ జఠరిక, ముడుచుకున్నప్పుడు తన లోపలి నాళాలను తానే నొక్కేస్తుంది. కాబట్టి దానికి రక్తం ఎక్కువగా అందేది అది సడలినప్పుడు. గుండె వేగం పెరిగే కొద్దీ ఆ సడలింపు సమయం కుదించుకుపోతుంది. అవసరం పెరిగే వేళకే అందే సమయం తగ్గుతుంది.

శాతాల గురించి ఒక మాట. రిపోర్టులో 70 శాతం బ్లాక్ అని రాస్తే అది సాధారణంగా వ్యాసం లెక్క. వ్యాసంలో 30 శాతమే మిగిలిందంటే రక్తం పారే వైశాల్యంలో మిగిలింది తొమ్మిది శాతం. నునుపైన గొట్టంలో వ్యాసార్థం సగమైతే ప్రవాహానికి ఎదురు పదహారు రెట్లవుతుంది. అందుకే చివరి ఒకటి రెండు పదుల శాతం అంత ప్రమాదకరంగా మారుతుంది. మొదటి సగం పూడినా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు.

పూడిక అన్న మాట వినగానే కాలువలో మట్టి మేట వేసినట్టు ఊహించుకుంటాం. ఆ ఊహ తప్పుదారి పట్టిస్తుంది. జబ్బు ఉండేది గోడలో. చెడు కొలెస్ట్రాల్ కణికలు నాళం లోపలి పొర కిందికి చేరతాయి. వాటిని మింగిన రక్షక కణాలు నురగలా ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి. కొవ్వు ముద్ద మీద పీచు కణజాలం మూతలా కప్పుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ సున్నం చేరి కొన్నిచోట్ల రాయిలా గట్టిపడుతుంది. 1987లో సేమూర్ గ్లాగోవ్ బృందం చనిపోయినవారి గుండెలను పరిశీలించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. కొవ్వు పేరుకుంటున్నా నాళం బయటివైపుకు ఉబ్బి, రక్తం పారే దారిని అలాగే కాపాడుకుంటుంది. నాళం అడ్డుకోతలో దాదాపు 40 శాతాన్ని కొవ్వు ఆక్రమించేదాకా దారి సన్నబడటం మొదలుకాదు. యాంజియోగ్రామ్ చూపించేది దారి నీడ మాత్రమే, గోడలో ఏముందో అది చెప్పదు. ఆ పీచు మూత 65 మైక్రాన్ల కంటే పల్చబడి చిట్లితే లోపలి సరుకు రక్తానికి తగిలి గడ్డ కడుతుంది, నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. గుండెపోటుల్లో చాలా వాటికి, అంతకుముందు పెద్దగా సన్నబడి కనిపించని చోటే మూలం కావడానికి కారణం ఇదే.

వంటింటి బల్ల మీద పుట్టిన బెలూన్

ఈ చికిత్స చరిత్ర మొదటినుంచీ సాధన ఎక్కడ చేయాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డెలో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే పాతికేళ్ల వైద్యుడు ముందు శవం మీద ప్రయత్నించి, తర్వాత తన మోచేతి సిరలోకే గొట్టం దూర్చుకుని, అది గుండెలోకి చేరినట్టు ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ బృహద్ధమనికి బొమ్మ తీస్తుండగా గొట్టం కొన పొరపాటున కుడి కరొనరీ ధమనిలోకి జారింది, రంగు మందంతా అందులోకే పోయింది. రోగి బతికి బయటపడ్డాడు, కరొనరీ యాంజియోగ్రామ్ పుట్టింది. 1964లో పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ ఒక 82 ఏళ్ల మహిళ కాలి ధమనిని ఒకదాని తర్వాత ఒకటిగా లావు పెరిగే గొట్టాలతో వెడల్పు చేశాడు. ఆమె కాలు తీసేయడానికి ఒప్పుకోలేదు. ఆ కాలు నిలిచింది.

వీళ్లందరిలో ఈ వ్యాసానికి ఎక్కువ అవసరమైన మనిషి ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్. పూడిక దగ్గర ఉబ్బించి దారిని వెడల్పు చేసే చిన్న బెలూన్ బిగించిన గొట్టాలను జ్యూరిక్‌లో తన ఇంటి వంటగది బల్ల మీద తయారుచేసుకునేవాడు. వాటిని కుక్కల మీద, శవాల మీద పరీక్షించాడు. 1977 మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కోలో బైపాస్ ఆపరేషన్ జరుగుతుండగా, తెరిచి ఉన్న గుండె మీద రిచర్డ్ మైలర్‌తో కలిసి బెలూన్‌ను ప్రయత్నించాడు. ఆ మెట్లన్నీ ఎక్కాకే, 1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో 38 ఏళ్ల రోగికి మెలకువలో ఉండగా ముందుకు దిగే నాళంలో పూడికను తెరిచాడు. ఆ తర్వాతి ఏడాదినుంచే తను చేసే పనిని తెర మీద ఇతర వైద్యులకు ప్రత్యక్షంగా చూపించడం మొదలుపెట్టాడు. తప్పు జరిగితే వందలమంది ముందు జరుగుతుందని తెలిసీ అలా చూపించడం పెద్ద ధైర్యమే. కానీ చూసిన చేయి నేర్చుకున్న చేయి అయిపోదు. చూసి వెళ్లినవాళ్లు తమ మొదటి బెలూన్‌ను తమ ఊళ్లో, తమ రోగిలోనే ఉబ్బించాల్సి వచ్చింది.

1986లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ ప్యూయెల్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉల్రిక్ సిగ్వర్ట్ గుండె నాళాల్లో మొదటి స్టెంట్లు వేశారు. 1999లో బ్రెజిల్‌లోని సావో పాలోలో ఎడ్వర్డో సౌజా మందు పూసిన స్టెంట్‌ను మనుషుల్లో మొదటిసారి ప్రయత్నించాడు. ఒక్కో పరికరం రాగానే నేర్చుకోవాల్సింది పెరిగింది. గొట్టం దూర్చే చోటు తొడనుంచి మణికట్టుకు మారినప్పుడు అనుభవజ్ఞుల చేతులు కూడా కొంతకాలం తడబడ్డాయి.

నమూనాలో ఏముంది, ఏం లేదు

అన్నిటికంటే సాదా నమూనా పారదర్శకమైన సిలికాన్ నాళాల చెట్టు. బృహద్ధమని వంపునుంచి చిటికెన కొమ్మల దాకా గుల్లగా పోతపోసి, నీళ్లతొట్టిలో పెట్టి, చిన్న మోటారుతో నీటిని కొట్టుకునేలా తోస్తారు. రక్తం చిక్కదనం నీటికంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ కాబట్టి ప్రవాహాన్ని కొలవాలనుకునేవారు నీటిలో గ్లిజరిన్ సుమారు నలభై పాళ్లు కలుపుతారు. సిలికాన్ తీగను పట్టేస్తుంది, అందువల్ల సబ్బునీళ్లు కూడా కలపాల్సి వస్తుంది. మనిషి నాళం లోపలి పొర అంత జిగటగానూ ఉండదు, సబ్బు వేసిన సిలికాన్ అంత జారుడుగానూ ఉండదు. ఇక్కడ నేర్చుకున్న బలం, అక్కడ కావాల్సిన బలం ఒకటి కావన్నది మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే శిక్షణార్థి వేళ్లు అబద్ధాన్ని నేర్చుకుంటాయి.

అయినా ఈ సాదా నమూనాకు మరే పద్ధతికీ లేని గొప్ప గుణం ఒకటుంది. పైనుంచి తొంగి చూడొచ్చు. రెండు కొమ్మలుగా చీలే చోట స్టెంట్ వేయడాన్ని తీసుకుంటే ఇది అర్థమవుతుంది. చీలిక తర్వాత పెద్ద కొమ్మ వ్యాసం 3 మిల్లీమీటర్లు, పక్క కొమ్మది 2.5 అనుకుందాం. చీలికకు ముందు తల్లి నాళం ఎంత ఉండాలి? రెండింటినీ కూడి 0.678తో గుణిస్తే సుమారు 3.7 వస్తుంది. ఫినే సూత్రం అంటారు దీన్ని. కింది కొమ్మకు సరిపోయేలా 3 మిల్లీమీటర్ల స్టెంట్ వేస్తే పై భాగంలో అది గోడకు ఆనకుండా గాలిలో వేలాడుతుంది. ఎక్స్‌రేలో ఇది పట్టుకోవడం కష్టం. పారదర్శక నాళంలో ఎవరికైనా కనబడుతుంది: స్టెంట్ తీగకూ గోడకూ మధ్య సందు, ఆ సందులోంచి రెండోసారి పంపిన తీగ స్టెంట్ లోపలికి వెళ్లాల్సింది పోయి బయటినుంచి పాకడం, దాని మీద ఉబ్బించిన బెలూన్ స్టెంట్‌నే నలిపేయడం. పై భాగంలో పెద్ద బెలూన్‌తో ఒకసారి విప్పి స్టెంట్‌ను గోడకు ఆనించాకే పక్క కొమ్మలోకి తీగ పంపాలన్న పద్ధతి ఇలాంటి బల్ల మీది పరీక్షల బలంతోనే స్థిరపడింది. 2004లో మొదలైన యూరోపియన్ బైఫర్కేషన్ క్లబ్ ఈ రకమైన పరీక్షలకు పెద్దపీట వేసింది. ఒకసారి ఆ నలిగిన స్టెంట్‌ను కళ్లతో చూసినవాడు పై బెలూన్ మెట్టును దాటవేయడు.

ఇదే పనిని ఇంకాస్త నిజానికి దగ్గరగా చేసే చోటు అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని విజిబుల్ హార్ట్ ల్యాబ్. మార్పిడికి పనికిరాని, దానంగా వచ్చిన మానవ గుండెలను అక్కడ పారదర్శక ద్రవంతో మళ్లీ కొట్టుకునేలా చేస్తారు. రక్తం ఉండదు కాబట్టి నాళంలోకి పంపిన కెమెరాకు స్టెంట్ విచ్చుకోవడం కనిపిస్తుంది. అలాంటి గుండెలు ఎన్నో దొరకవు. రోజువారీ శిక్షణకు అవి అందవు. కానీ అక్కడ తీసిన దృశ్యాలు చూస్తే సిలికాన్ నమూనా ఎక్కడ నిజం చెబుతోందో, ఎక్కడ చెప్పడం లేదో పోల్చుకోవచ్చు.

రోగి సొంత సీటీ స్కాన్‌నుంచి నాళాలను త్రీడీ ప్రింటింగ్‌లో తీయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ఎక్కువ వంపులున్న నాళం, పుట్టుకతోనే వింత చోటనుంచి మొదలైన ధమని లాంటివి ఎదురైనప్పుడు ఏ ఆకారపు గొట్టం సరిపోతుందో ముందురోజే ప్రయత్నించి చూడొచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. సీటీ స్కాన్ విడదీసి చూపగల అతి చిన్న కొలత సుమారు అర మిల్లీమీటరు. రెండు మిల్లీమీటర్ల నాళంలో అర మిల్లీమీటరు తేడా అంటే పావు వంతు తేడా. పైగా సున్నం ఉన్న చోటు స్కాన్‌లో ఉన్నదానికంటే పెద్దదిగా మెరుస్తుంది. జబ్బు ఎక్కడ ఎక్కువగా ఉందో సరిగ్గా అక్కడే ప్రింట్ చేసిన నాళం తప్పుతుంది. దారి తెలుసుకోవడానికి ఇది మంచి పటం. పూడికను కొలవడానికి దీన్ని నమ్ముకోకూడదు.

పందుల గుండె నాళాలు కొలతలో మనిషివాటికి దగ్గరగా ఉంటాయి. కొత్త స్టెంట్లను మనుషుల్లో వేయడానికి ముందు పందుల్లో వేసి, 28 రోజుల తర్వాత లోపల ఎంత కండ పెరిగిందో చూడటం దశాబ్దాలుగా వస్తున్న పద్ధతి. శిక్షణకూ పందులను వాడారు. అక్కడ రక్తం ఉంటుంది, గుండె కొట్టుకుంటుంది, తప్పు చేస్తే లయ చెదురుతుంది. కానీ కొన్ని నెలల వయసున్న పంది నాళం నునుపుగా, సాగేలా ఉంటుంది. మనిషిలో అరవై ఏళ్లు పేరుకున్న కొవ్వూ సున్నమూ దాంట్లో ఎక్కడినుంచి వస్తాయి? ప్రాణిని బలిపెట్టి ఆరోగ్యమైన నాళంలో సాధన చేయడం ఎంతవరకు సమంజసమన్న ప్రశ్న కూడా పక్కన పెట్టదగింది కాదు.

అన్ని నమూనాలకూ ఉన్న అసలు లోటు ఇదే: గోడలో జబ్బు లేదు. నిజమైన గట్టి పూడికలో బెలూన్‌ను ఉబ్బిస్తే రెండు కొసలూ పెరిగి నడుము మాత్రం సన్నగా ఉండిపోతుంది. 12 వాతావరణాల పీడనం, 14, 16... నడుము విచ్చుకోదు. ఇంకా పెంచాలా? పెంచితే సున్నం పగలొచ్చు, లేదా పక్కనున్న మెత్తటి గోడ చిరగొచ్చు. ఆపి, వజ్రపు పొడి అద్దిన చిన్న బొంగరంలాంటి పరికరాన్ని నిమిషానికి లక్షన్నర సార్లు తిప్పుతూ సున్నాన్ని అరగదీయాలా? ధ్వని తరంగాలతో సున్నాన్ని పగలగొట్టే బెలూన్ వాడాలా? ఈ చికిత్స జరిగే గదిలో, అంటే క్యాథ్‌ల్యాబ్‌లో, అతి కష్టమైన క్షణాల్లో ఇదొకటి. మెత్తటి సిలికాన్ గొట్టంలో ఈ క్షణం రానే రాదు, బెలూన్ ఎప్పుడూ ముచ్చటగా విచ్చుకుంటుంది. గొట్టం లోపల జిప్సంలాంటి గట్టి పదార్థాన్ని ఉంగరంలా పోసి నమూనాలు చేసినప్పుడు పరిస్థితి మారుతుంది. ఆ ఉంగరం ఒకవైపే ఉంటే ఒకలా, చుట్టూ ఉంటే ఒకలా ఎదురు తిరుగుతుంది. నమూనాల తయారీలో శ్రమ, డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. గుండె బొమ్మకు అసలు రంగు అద్దడం మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ ఉంగరం మీద పెట్టినా శిక్షణ ఎంతో మెరుగవుతుంది.

తెర మీది గుండె

కంప్యూటర్ సిమ్యులేటర్‌లో మామూలు తీగనూ గొట్టాన్నీ ఒక పెట్టెలోకి దూరుస్తారు. లోపలి చక్రాలు తీగ కదలికను పట్టుకుని వేళ్లకు ఎదురొత్తిడి ఇస్తాయి. తెర మీద ఎక్స్‌రేలాంటి బొమ్మ కదులుతుంది, పక్కనే రక్తపోటు గీత నడుస్తుంది. కాలి కింద పెడల్ ఉంటుంది కానీ రేడియేషన్ ఉండదు. అదే కేసును నలభై సార్లు చేయొచ్చు, కావాలనుకున్న ఉపద్రవాన్ని కావాలనుకున్న క్షణంలో తెప్పించొచ్చు.

దీనివల్ల బాగా అలవడేది చూపు. కొత్తవాళ్ల కళ్లు తీగ కొనకే అతుక్కుపోతాయి. గొట్టం ధమని ముఖంలోకి మరీ లోతుగా దూరి ప్రవాహాన్ని మూసేస్తే రక్తపోటు గీత ఒక్కసారిగా చదునవుతుంది. అది గమనించకుండా రంగు మందు వదిలితే గుండె లయ తప్పొచ్చు, నాళం గోడ చీలొచ్చు. సిమ్యులేటర్ ముందు పదిసార్లు ఆ గీత చదును కావడం చూసినవారికి అది కంటి చివరనుంచే తెలిసిపోతుంది.

ఇక్కడ పొంచి ఉన్న హాని కూడా చెప్పుకోవాలి. పెట్టెలోకి వెళ్లే గొట్టంలో గాలి బుడగ ఉన్నా యంత్రానికి ఏమీ కాదు. మనిషి గుండెలో ఆ బుడగ నాళాన్ని మూసేయగలదు. సిరంజిని తట్టి బుడగలు తీయడం, గొట్టాన్ని కడగడం, రక్తం వెనక్కి వచ్చేదాకా ఆగడం లాంటి చిన్న పనులను యంత్రం అడగదు కాబట్టి శిక్షణార్థి మానేస్తాడు, మానేయడం అలవాటవుతుంది. తడి నమూనా ఈ విషయంలో మెరుగు. నీళ్లలో బుడగ కంటికి కనిపిస్తుంది. రెండూ కలిపి వాడే చోట ఈ అలవాటు చెడదు.

సిమ్యులేటర్ సాధన నిజమైన ఆపరేషన్‌లో పనికొస్తుందా అన్న ప్రశ్నకు తొలి గట్టి సమాధానం గుండెనుంచి కాక పిత్తాశయంనుంచి వచ్చింది. 2002లో ప్రచురితమైన యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో 16 మంది శస్త్రచికిత్స శిక్షణార్థులను రెండుగా విడదీశారు. ఒక జట్టు, నిపుణులు చేరిన స్థాయిని తామూ చేరేదాకా సిమ్యులేటర్ మీద సాధన చేసింది. అసలు ఆపరేషన్‌లో ఆ జట్టు 29 శాతం వేగంగా పని ముగించింది. సాధన లేని జట్టు పిత్తాశయాన్ని గాయపరచడమో పక్క కణజాలాన్ని కాల్చడమో చేసే అవకాశం ఐదు రెట్లు ఎక్కువగా తేలింది. జట్లు చిన్నవే అయినా, గంటలు లెక్కపెట్టి కాకుండా స్థాయి చేరేదాకా సాధన చేయించడం అనే పద్ధతి అక్కడినుంచే బలపడింది. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెడ ధమనిలో వేసే స్టెంట్‌ను అనుమతించినప్పుడు వైద్యుల శిక్షణలో సిమ్యులేటర్‌కూ చోటు దక్కింది.

యంత్రం ఇచ్చే మార్కులను మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఎంత సమయం పట్టింది, ఎంతసేపు ఎక్స్‌రే వాడారు, ఎంత రంగు మందు పోశారు అన్నవి లెక్కపెట్టడం సులభం కాబట్టి యంత్రం వాటినే లెక్కపెడుతుంది. తొందరపడే చేయికి ఇందులో మంచి మార్కులు రావచ్చు. బెలూన్ మార్చేటప్పుడు తీగ కొన తెర అంచు దాటి కనిపించకుండా పోయిందా? ఇది అంతకంటే పదింతలు ముఖ్యమైన ప్రశ్న. కనిపించని కొన చిన్న కొమ్మను పొడిచి చిల్లు చేస్తుంది.

ఆ చిల్లు వందమందిలో ఒకరికంటే తక్కువమందికి జరుగుతుంది. అరుదైనది కాబట్టే సాధన అవసరం. శిక్షణ కాలమంతా ఒక్కసారైనా ఎదురుకాకపోవచ్చు, ఎదురైన రోజున ఆలోచించడానికి సమయం ఉండదు. గుండె చుట్టూ ఉన్న సంచిలోకి రక్తం చేరి గుండెను నొక్కేస్తుంది, రక్తపోటు పడిపోతుంది. వెంటనే బెలూన్‌ను చిల్లు దగ్గర ఉబ్బించి కారడం ఆపాలి, సంచిలోకి సూది దించి రక్తం తీయాలి, పెద్ద చిల్లయితే తొడుగున్న స్టెంట్ వేయాలి. నాళం చివర్న చిన్న చిల్లయితే రోగి చర్మం కింది కొవ్వునే చిన్న ముక్కగా తీసి గొట్టంలోంచి పంపి మూసే పద్ధతి కూడా ఉంది. ఒక్క చేయితో అయ్యే పని కాదిది. తొడుగున్న స్టెంట్ ఏ అరలో ఉందో నర్సుకు తెలియాలి; సూది పళ్లెం ఎవరు తెరవాలో ముందే తేలాలి. జట్టంతా కలిసి బొమ్మ మీద ఈ కసరత్తు చేస్తే బయటపడేవి ఇలాంటి సంగతులే: స్టెంట్ గడువు దాటిపోయిందని, సూది పక్క గదిలో ఉందని. గంటసేపు సాధనతో దక్కే ఈ లాభానికి ఖరీదైన యంత్రం కూడా అక్కర్లేదు.

కుట్టు నేర్చిన చేయి

బైపాస్ ఆపరేషన్‌లో ఇదే కథ దారం రూపంలో ఉంటుంది. రక్తనాళాలను కుట్టే పద్ధతిని రూపొందించి 1912లో నోబెల్ అందుకున్న అలెక్సిస్ కారెల్, లియాన్ నగరంలో ఎంబ్రాయిడరీ చేసే ఒక మహిళ దగ్గర కుట్టుపని నేర్చుకున్నాడు. ఇప్పుడు రెండు మిల్లీమీటర్ల నాళానికి వెంట్రుక లాంటి దారంతో పదీ పన్నెండు కుట్లు వేయడాన్ని శిక్షణార్థులు ముందు సిలికాన్ గొట్టాల మీద, తర్వాత మాంసం కోసం కోసిన పందుల గుండెల మీద సాధన చేస్తారు. గుండెను ఆపకుండా చేసే ఆపరేషన్ కోసం ఆ గొట్టాన్ని లయగా కదిలే పీట మీద బిగిస్తారు. ఇక్కడ నమూనా పెద్దగా మోసం చేయదు: కుట్టు పూర్తయ్యాక నీళ్లు ఎక్కిస్తే కారే చోట కారుతుంది.

తెరవాలా అన్న ప్రశ్న

నమూనాల మీద సాధన ఎంత బాగున్నా అది చేయిని ఒకే దిక్కుకు తోస్తుంది. పూడిక కనిపించింది, తెరువు. గుండెపోటు నడుస్తున్నప్పుడు అది సరైన దిక్కే. మూసుకుపోయిన నాళాన్ని గంటన్నరలోపు తెరవగలిగితే కండరం దక్కుతుంది, ప్రాణం దక్కుతుంది. నిలకడగా ఉన్న ఛాతీ నొప్పిలో లెక్క వేరు. 2287 మందితో 2007లో వచ్చిన కరేజ్ అధ్యయనం, 5179 మందితో 2020లో వచ్చిన ఇస్కీమియా అధ్యయనం, మంచి మందులకు తోడు ముందే నాళాన్ని తెరవడం వల్ల మరణాలు తగ్గినట్టు చూపించలేకపోయాయి. నొప్పి మాత్రం తగ్గింది. ఆ తగ్గుదలలో ఎంత స్టెంట్‌ది, ఎంత నమ్మకానిది? 2017లో ఆర్బిటా అధ్యయనం కొందరికి స్టెంట్ వేయకుండానే వేసినట్టు చేసి పోల్చింది. మందులు బాగా వాడుతున్నవారిలో నడక సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2023లో అదే బృందం నొప్పి మందులు ఆపి మళ్లీ చూసింది, అప్పుడు స్టెంట్ వల్ల నొప్పి నిజంగానే తగ్గింది.

పూడిక ప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటోందో కొలిచే సాధనం ఉంది. పీడనం కొలిచే తీగను పూడిక దాటించి, చిన్న నాళాలు పూర్తిగా విచ్చుకునే మందు ఇచ్చి, పూడిక అవతలి పీడనాన్ని ఇవతలి దానితో భాగిస్తారు. 0.80 లేదా అంతకంటే తక్కువ వస్తే తెరవడంలో అర్థముంది. 1005 మందితో 2009లో వచ్చిన ఫేమ్ అధ్యయనంలో ఇలా కొలిచి వేసినప్పుడు ఒక్కో రోగికి సగటున 2.7 స్టెంట్లకు బదులు 1.9 సరిపోయాయి, ఏడాదిలో ఎదురైన ఆపదలూ తగ్గాయి. అదే అధ్యయనంలో కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించిన పూడికల్లో నిజంగా ప్రవాహాన్ని అడ్డుకున్నవి మూడో వంతు కంటే కొంచెమే ఎక్కువ.

శిక్షణ కేసుల్లో ఈ మిగతా మూడింట రెండు వంతులకూ చోటు ఉండాలి. తెర మీద నాళం మధ్యలో 60 శాతం సన్నబడిన నీడ. శిక్షణార్థి తీగ దాటిస్తాడు, మందు ఎక్కిస్తాడు, అంకె 0.87 దగ్గర నిలుస్తుంది. బెలూన్ పొట్లం విప్పకుండా తీగ వెనక్కి లాగి, గొట్టం తీసి, మణికట్టుకు పట్టీ బిగిస్తాడు. ఆ కేసుకు యంత్రం పూర్తి మార్కులు వేయాలి.